ఇక్కడిదాకా చాలు

పత్రికాఫీసు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు గదిలో కూర్చునే ఆవిడను అందరూ కవర్లక్కయ్య అంటారు. గది నిండా ఇనుప బీరువాలు, బీరువాల నిండా మందపాటి కవర్లు, కవర్ల నిండా పాత ఫొటోలు. ఏ మంత్రి ఏ ఏడు ఏ వంతెన దగ్గర రిబ్బను కత్తిరించాడో అడిగితే చాలు, కుర్చీలోంచి లేవకుండానే బీరువా నంబరు చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అదే గది, అదే కుర్చీ. కుర్చీకి మెత్త మాత్రం మూడోది.

అన్నిటిలోకీ లావు కవరు పెద్దాయనది. దేశాన్ని పద్దెనిమిదేళ్లు ఏకబిగిన ఏలి, రెండేళ్ల కిందట ఎన్నికల్లో బోర్లాపడిన మాజీ ప్రధాని. ఆయనకు ఒక కవరు చాలక పదకొండయ్యాయి. గద్దె మీద ఉన్నన్నాళ్లూ ఫొటోగ్రాఫర్లు ఆయన్ను మోకాళ్ల మీద కూర్చుని తీసేవారు, పొట్టి మనిషి పొడుగ్గా పడాలని. ఇప్పుడు అదే ఫొటోగ్రాఫర్లు మేడలెక్కి తీస్తున్నారు, బట్టతల మీద మచ్చతో సహా పడాలని. అప్పట్లో ఆయన ఏమన్నా 'ఉద్బోధించారు' అని రాసిన చేతులే ఇప్పుడు 'నసిగారు' అని రాస్తున్నాయి. విచారణ కమిషన్ ముందు దగ్గితే అదొక వార్త. మంచినీళ్లు అడిగితే అదొక కార్టూను. చెప్పు జారితే దానికి పేజీలో మూడు కాలమ్‌లు.

కవర్లక్కయ్యకు పెద్దాయన మీద జాలేమీ లేదు. ఆయన మొహం చూస్తేనే ఒళ్లు మండుతుంది. కాకపోతే ఆయన్ను ఇప్పుడు తిట్టిపోస్తున్న మనుషులను చూస్తే ఇంకాస్త ఎక్కువ మండుతుంది. రెండు మంటలకూ కారణం ఒక్కటే. ఆమె అన్నయ్య.

అన్నయ్య ఒకప్పుడు ఈ పత్రికలోనే ఫొటోగ్రాఫరు. పెద్దాయన పాలన మొదటి ఏడాది నది పొంగి ఊళ్లు మునిగాయి. పెద్దాయన పడవలో పరామర్శకు బయల్దేరాడు. అన్నయ్య వెనక పడవలో. మర్నాడు మొదటి పేజీలో ఎనిమిది కాలమ్‌ల నిండా ఫొటో పడింది. పడవ ముందు భాగంలో నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి పెద్దాయన. కింద 'బాధితులకు అభయం' అని రాశారు. దేశమంతా గోడలకు అంటించుకున్న ఫొటో అది. పాఠ్యపుస్తకంలోకి కూడా ఎక్కింది.

అది సగం ఫొటో. పడవకు కుడిపక్కన, ఎంతో దూరం కాదు, ఒక ఇంటి కప్పు ఉంది. కప్పు మీద తొమ్మిది మంది చేతులు ఊపుతున్నారు. పెద్దాయన వాళ్లకు వీపు పెట్టి కెమెరాల వైపు చెయ్యి ఊపాడు. ఫొటో సరిగ్గా రాలేదేమోనని పడవ ఇంకో చుట్టు తిరిగింది. తరవాత ఒడ్డుకు వెళ్లిపోయింది. పెద్దాయన వచ్చాడని మిగతా పడవలన్నీ ఒడ్డునే ఆపి ఉంచారు. సాయంత్రానికి ఆ ఇంటి గోడ కూలింది.

కప్పు ఏమైందని అన్నయ్య ఎడిటరును నలుగురిలో నిలదీశాడు. బయటా చెప్పాడు, కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. నాలుగో రోజు పత్రికలో లోపలి పేజీలో అడుగున నాలుగు లైన్ల ప్రకటన వచ్చింది. ఫలానా వ్యక్తి నకిలీ ఫొటోలు తయారుచేసి అమ్ముతున్నట్టు తమ దృష్టికి వచ్చిందని, అతనితో పత్రికకు ఎలాంటి సంబంధమూ లేదని. ఫిల్ము రీలు అప్పటికే ఆఫీసులో అప్పగించాడు. అది మళ్లీ కనిపించలేదు. ఆ నాలుగు లైన్ల తరవాత ఏ పత్రికా అన్నయ్యను గడప తొక్కనివ్వలేదు. అప్పటినుంచి బస్టాండు పక్క సందులో చిన్న స్టూడియో పెట్టుకుని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు. 'గడ్డం కాస్త పైకి, నవ్వకండి' అనడమే ఇరవయ్యేళ్ల నుంచీ ఆయన ఉద్యోగం. వీధిలో ఎవరికైనా చిరాకొస్తే ఇప్పటికీ ఒక మాట విసురుతారు, నకిలీ ఫొటోల మనిషి అని.

ఇదంతా లోకానికి తెలిసిన కథ. కవర్లక్కయ్యకు తెలిసింది ఇంకొకటి ఉంది.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి. పేజీలో అచ్చయిన ఫొటో ఏదైనా సరే, వారం తిరక్కుండా లైబ్రరీకి తిరిగి రావాలి. వెనక ముద్ర వేసి, వచ్చిన తేదీ, అచ్చయిన పేజీ రాసి, పొట్టిసంతకం పెట్టి కవర్లో పెట్టడం ఆమె పని. ఎడిటరు రీలు కాల్పించాడు. అచ్చుకాని ఫొటోల కవర్లన్నీ దగ్గరుండి వెతికించాడు. కానీ ఎక్కడ కొయ్యాలో తను గీత గీసి ఇచ్చిన అసలు ప్రింటు అచ్చయిన ఫొటో కిందికే వస్తుందని ఆయనకు తట్టలేదు. పేజీల వాళ్లు మామూలుగా మిగతావాటితో పాటు దాన్నీ పైకి పంపేశారు. మొత్తం ఫొటో, పడవా, కప్పూ, తొమ్మిది మందీ. మధ్యలో నిలువుగా ఎర్ర మైనపు పెన్సిలు గీత. పక్కన తెల్ల అంచు మీద ఎడిటరు చేతిరాత: 'ఇక్కడిదాకా చాలు.' కింద ఆయన పొట్టిసంతకం.

ఆమె అది చూసింది. ముద్ర వేసింది, తేదీ వేసింది, సంతకం పెట్టింది. పెద్దాయన రెండో కవర్లో, అచ్చయినవాటి వరసలో పెట్టేసింది. అన్నయ్యకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తనను తాను చాలాసార్లు అడిగింది. భయపడింది. అంతకన్నా మర్యాదైన కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు కమిషన్ ముందుకు ఒకావిడ వచ్చింది, ఆ కప్పు మీద బతికి బయటపడ్డ ఇద్దరిలో ఒకరు. పడవ రెండుసార్లు మా ముందే తిరిగింది అంది. మేం చేతులు ఊపాం, ఆయనా ఊపారు, ఇటు కాదు అటు, అంది. సాయంత్రానికల్లా అన్ని ఛానెళ్లలో ఆ మాటే. ఆ పాత ఫొటోను పక్కన పెట్టి, పెద్దాయన చెయ్యి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, గంటలకొద్దీ కేకలు. ఫొటోలో కప్పెక్కడ అని అడిగే వాళ్లు కొందరు, కట్టుకథ అనే వాళ్లు కొందరు.

మర్నాడు పొద్దున్నే ఎడిటరు కబురు పంపాడు.

వెనకాల ఆయన్ను అందరూ కత్తెరగారు అంటారు. పేరుకు తగ్గట్టు మనిషి సన్నగా, పదునుగా, ఎప్పుడూ తెరుచుకోవడానికి సిద్ధంగా ఉంటాడు. ఆ వేళ మాత్రం ఎప్పుడూ లేనిది ఆమెను కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. పెద్దాయన అరాచకాలను పత్రిక ఎన్నాళ్లుగా మౌనంగా భరించిందో, ఇప్పుడు నిజాన్ని నిర్భయంగా చెప్పాల్సిన సమయం ఎలా వచ్చిందో, సంపాదకీయం చదువుతున్నట్టు పావుగంట చెప్పాడు. కవర్లక్కయ్య టీ మీద కట్టిన మీగడను చూస్తూ వింది.

"ఆ వరద ఫొటో మొత్తంది ఎక్కడైనా మిగిలిందేమో చూడమ్మా. నీకు తెలియకుండా ఉండదు."

"ఉంది సార్," అంది ఆమె.

ఆ మాట అనేసరికి ఆయన మొహంలో ఒక్క క్షణం కనిపించింది సంతోషం కాదు. ఎక్కడో మర్చిపోయిన వస్తువు పోలీసులకు దొరికిందని విన్నవాడి మొహం అది. వెంటనే సర్దుకుని తెమ్మన్నాడు.

ఆమె ట్రేలో ఫొటో పెట్టి, పైన రిజిస్టరు పెట్టి తెచ్చింది. పేజీలు కట్టే మేస్త్రి కూడా అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. పాతికేళ్లుగా ఆ ఆఫీసులో పేజీలు కడుతున్నవాడు, మాట తక్కువ. ఫొటో చూసి, ఎర్ర గీత చూసి, కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు ఆ గీత ప్రకారం, పేజీ కోసం తీసిన కాపీ మీద బ్లేడు పెట్టింది ఆయన చేత్తోనే.

ఎడిటరు కళ్లజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. గీతను కంప్యూటర్లో తుడిచెయ్యొచ్చు కదా అన్నాడు. ఆ అంచు ఎలాగూ అక్కర్లేదు, రెండు వేళ్ల మందం కోస్తే సరిపోతుంది అన్నాడు. ఫొటో కింద 'మా పత్రిక భాండాగారం నుంచి' అని పెద్ద అక్షరాలతో వెయ్యాలని, సాయంత్రం ఛానెల్లో తనే ప్రకటిస్తానని చెప్పాడు.

"తీసినాయన పేరు సార్?" అంది కవర్లక్కయ్య.

"ఆయన మన ఉద్యోగి కాదు కదమ్మా."

"ఆ నాలుగు లైన్లు వేసినప్పుడూ ఇదే అన్నారు. నకిలీ కాదని ఇంకో నాలుగు లైన్లు, అదే చోట వెయ్యండి. పేరు వెయ్యండి. నాకింకేం అక్కర్లేదు."

ఎడిటరు నవ్వాడు. ఆడవాళ్లు కూరగాయల దగ్గర బేరమాడినట్టుందే అన్నాడు మేస్త్రి వైపు చూసి. మేస్త్రి నవ్వలేదు. అప్పుడు ఆయన గొంతు మారింది. ఇన్నాళ్లూ దీన్ని దాచి, సంస్థ ఆస్తిని సంస్థకు చెప్పకుండా పెట్టుకున్నందుకు ఏం చెయ్యొచ్చో తెలుసా అని అడిగాడు. ఆమె దాచలేదనీ, ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాననీ, అడిగినవాళ్లు లేరనీ చెప్పింది. చెబుతుంటే తన మాట తనకే వెగటుగా అనిపించింది.

"సరే, బల్ల మీద పెట్టి వెళ్లు."

"సంతకం పెట్టండి సార్." ఆమె రిజిస్టరు తెరిచి కలం అందించింది.

ఇదీ ఆ ఆఫీసు పద్ధతే. సంతకం లేకుండా ఫొటో లైబ్రరీ మనిషి చెయ్యి దాటకూడదు. రిజిస్టరులో ఫొటో వివరమంతా రాసి ఉంది. కప్పు, తొమ్మిది మంది, ఎర్ర గీత, అంచు మీద రాసిన మాట, తీసినవారి పేరు. దాని ఎదురుగా పుచ్చుకున్నవారి సంతకం కోసం ఖాళీ. కత్తెరగారు ఆ ఖాళీని చూశాడు. ఆయన జీవితంలో ఎన్నో కోశాడు కానీ ఎక్కడా తన సంతకం మిగలకుండా చూసుకున్నాడు. మిగిలింది ఒక్కటే, ఆ తెల్ల అంచు మీద. దాని పక్కనే ఇంకొకటి పెట్టమంటే చెయ్యి రాలేదు.

అంతలో ఛానెల్ వాళ్ల ఫోను వచ్చింది. ఆయన కుర్చీ తిప్పుకుని, రేపు పొద్దున దేశం మొత్తం చూసే చిత్రం మా దగ్గర ఉందని, దాన్ని ఎన్నో ఒత్తిళ్ల మధ్య ప్రాణంలా కాపాడుకున్నామని చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రి ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, "తీసుకెళ్లక్కయ్యా," అన్నాడు. "ఈసారి నా బ్లేడు కొయ్యదు."

ఆమె ట్రే తీసుకుని తన గదికి వచ్చింది. రిజిస్టరులో ఆ ఖాళీలో తన సంతకమే పెట్టింది. ఎందుకు అన్న గడిలో 'తీసినవారికి ఇవ్వడానికి' అని రాసింది. బీరువాల తాళాలు బల్ల మీద వరసగా పెట్టి, ఫొటోను అట్టల మధ్య పెట్టుకుని మెట్లు దిగింది. వాచ్‌మన్ అప్పుడేనా అక్కయ్యా అని అడిగితే, అప్పుడే కాదు చాలా ఆలస్యమైంది అంది. అతనికి అర్థం కాలేదు.

స్టూడియోలో అన్నయ్య ఒకాయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం పైకెత్తిస్తున్నాడు. వదిన బల్ల దగ్గర ఫొటోలు నాలుగు నాలుగుగా కత్తిరిస్తోంది. పక్కన చిన్న టీవీలో పెద్దాయన కారు దిగలేకపోతున్నాడు. ముఖం మీదికి ఇరవై మైకులు, కళ్లజోడు పక్కకు ఒరిగిపోయింది, ఎవరూ అది కూడా సరిచేసుకోనివ్వడం లేదు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి, 'నోరు మెదపని నియంత' అని.

"ఏడవనీ," అంది వదిన, తల ఎత్తకుండా. "అదేంటి, ఈ టైంలో వచ్చావు? ఆఫీసు లేదా?"

స్టూలు మీదాయన వెళ్లేదాకా ఆగి, ఆమె అట్టలు విప్పి ఫొటో బల్ల మీద పెట్టింది.

అన్నయ్య చాలాసేపు ముట్టుకోలేదు. తరవాత లైటు కిందికి లాక్కుని, కప్పు మీద వేలు పెట్టి ఒక్కొక్క తలా లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు.

"తొమ్మిదే," అన్నాడు. "ఈమధ్య నాకే అనుమానంగా ఉంది. అసలు కప్పుందా, నేనే కల్పించుకున్నానా అని."

వదిన చేతిలో కత్తెర పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుని, ఆడపడుచు చెయ్యి పట్టుకుని, ఎక్కడ దొరికిందని అడిగింది. ఆమె జవాబు చెప్పేలోపే అన్నయ్య ఫొటో వెనక్కి తిప్పాడు. ఫొటో పనివాళ్లు ఎవరైనా చేసే పనే అది, ముందు చూశాక వెనక చూడటం. అక్కడ లైబ్రరీ ముద్ర ఉంది. వచ్చిన తేదీ ఉంది. వరద వచ్చిన వారానికి. పక్కన పొట్టిసంతకం.

"ఇది నీ సంతకమేగా."

"అవునన్నయ్యా."

"అప్పట్నుంచీ నీ దగ్గరే ఉంది."

"కవర్లో ఉంది."

వదిన పట్టుకున్న చెయ్యి వదిలేసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నెలనెలా వచ్చి, ఇదిగో ఈ కుర్చీలో కూర్చుని, నా చేతి టీ తాగి వెళ్లావు," అంది. "ఈయన పడుకుని పైకప్పు చూస్తుంటే, నువ్వే ఊరుకో అన్నయ్యా, పోయినవి తిరిగి రావు అన్నావు. పంచదార సరిపోయిందా అని అడిగేదాన్ని నిన్ను."

కవర్లక్కయ్య భయపడ్డానని చెబుదామనుకుంది. ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నగా వినిపిస్తుందో తెలిసి ఊరుకుంది. ఎడిటరు అడిగిన సంగతీ, సంతకం సంగతీ, ఆయన అంచు కొయ్యమన్న సంగతీ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

అన్నయ్య అంతా విన్నాడు. టీవీ కట్టేశాడు. "ఫొటో ఇచ్చావు. ఇంక వెళ్లు," అన్నాడు.

మర్నాడు పత్రిక చూసినవాళ్లు నవ్వుకున్నారు. ముందురోజు సాయంత్రం టీవీలో ఊరించిన చిత్రం ఎక్కడా లేదు. దాని చోట పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫొటో, మళ్లీ ఎనిమిది కాలమ్‌లలో. ఎనిమిదింటికి ఎడిటరు ఫోను చేసి, ఇక ఆఫీసుకు రానక్కర్లేదని, రేపు నాలుగు లైన్లు వెయ్యాల్సి రావొచ్చని చెప్పాడు. లైన్లు సరిపోతాయా సార్ అని అడిగి ఆమె ఫోను పెట్టేసింది.

పదింటికి మేస్త్రి ఫోను చేశాడు. బస్టాండు సందుకు వెళ్లి చూడమన్నాడు.

సందు మొదట్లోనే జనం. స్టూడియో అద్దాల పెట్టెలో రోజూ ఉండే నవ్వు మొహాలన్నీ తీసేశారు. మధ్యలో ఒక్కటే ఫ్రేము. మొత్తం ఫొటో, ఎర్ర గీతతో, తెల్ల అంచుతో, అంచు మీద రాతతో సహా. ఛానెళ్ల వాళ్లు ముగ్గురు అప్పటికే అద్దానికి కెమెరాలు ఆనించి ఉన్నారు. ఒకడు మైకులో చెబుతున్నాడు, ఈ చేతిరాత ఎవరిదో పాత్రికేయ లోకం అంతటికీ తెలుసని. నిన్నటిదాకా పెద్దాయన చెయ్యి చుట్టూ చుట్టిన ఎర్ర సున్నా ఈ వేళ ఆ పొట్టిసంతకం చుట్టూ చేరింది. వాళ్లకు సున్నా చుట్టడానికి ఏదో ఒకటి కావాలి అనుకుంది కవర్లక్కయ్య.

జనం మధ్యలోంచి ముందుకు వెళ్లి నిలబడింది. ఫ్రేము కింద అట్టముక్క మీద అన్నయ్య చేతిరాతతో వివరం రాసి ఉంది. లైబ్రరీలో తను ఫొటోల వెనక రాసే వరసలోనే. తేదీ, చోటు. పడవలో ఒకరు, కప్పు మీద తొమ్మిది మంది. ఆ తరవాత మూడు లైన్లు.

తీసినది అని, ఎదురుగా అన్నయ్య పేరు, పూర్తి పేరు.

కోసినది అని, ఎడిటరు పేరు.

ఉందని తెలిసీ పంతొమ్మిదేళ్లు బయటపెట్టనిది అని, ఎదురుగా ఒకటే మాట. చెల్లెలు.

ఆమె అలవాటుగా మొదటినుంచీ సరిచూసింది. తేదీ సరిగ్గా ఉంది. తలల లెక్క సరిగ్గా ఉంది. ఒక్కచోటే తేడా, పంతొమ్మిది కాదు, లెక్కపెడితే ఇరవై ఏళ్లకు నెల తక్కువ. మిగిలిందాంట్లో దిద్దాల్సింది ఏమీ లేదు.

లోపల అన్నయ్య ఎవరికో గడ్డం పైకెత్తిస్తూ అద్దంలోంచి ఇటు చూశాడు. చూసి మళ్లీ కెమెరా వైపు తిరిగాడు.

"ఎవరండీ ఆ చెల్లెలు?" వెనకనుంచి ఒకావిడ సంచి చంకలో పెట్టుకుని మెడ చాచి అడిగింది. "ఎంత రాతిగుండె మనిషో చూడండి."

"నేనేనండీ," అంది కవర్లక్కయ్య. ఆవిడకు ఫొటో కనబడేలా పక్కకు జరిగింది.